ఎడమ మడత

ఆపరేషన్ గదుల కింద, మెట్లు దిగితే వచ్చే పొడవాటి గదిని ఆస్పత్రిలో అందరూ ఆవిరిగది అంటారు. పైనుంచి కత్తెరలు, పట్టకార్లు, గిన్నెలు మురికిగా వస్తాయి. కడిగించుకుని, తుడిపించుకుని, ఆకుపచ్చ గుడ్డల్లో మూటలై, ఇనప పెట్టెలో ఆవిరి పట్టించుకుని మళ్ళీ పైకి పోతాయి. ఆ గదిలో అందరికంటే పాత మనిషి కొలబద్ద. ఆ పేరు వెనక పెట్టిన పేరు; ఎదురుపడితే మేడమ్ అంటారు. రెండు సంగతులూ ఆమెకు తెలుసు. కొలబద్ద అన్నందుకు ఆమెకేమీ కోపం లేదు. కొలబద్దే వంకరగా ఉంటే గీతల గతేం కాను, అనుకునేది. ఆమె కోపమంతా ఎదుటి బల్ల దగ్గర నిలబడి పనిచేసే మనిషిని ఊరంతా "వదినా" అన్నందుకు.

లిఫ్టు నడిపే అతను వదినా అంటాడు. మందుల కొట్టువాళ్ళు వదినా అంటారు. మత్తు ఇచ్చే డాక్టరుగారు, తలనెరిసిన మనిషి, ఒకనాడు నోరుజారి వదినా అని, నాలిక కరుచుకుని, మళ్ళీ వదినా అన్నాడు. వదిన వయసులో చిన్నది, ఆ గదికి వెనకొచ్చింది. "ఏ అన్నకి పెళ్ళామైందని ఇంతమందికి వదినైంది?" అని కొలబద్ద ఇంట్లో భర్త దగ్గర ఎన్నోసార్లు అడిగింది. బస్సు నడిపే ఆ భర్త, "వరసకి నాకూ చెల్లెలో మరదలో అవుతుంది, కనుక్కుని చెప్పు," అని పళ్ళికిలించేవాడు.

పనిలో మాత్రం కొలబద్దకు వంక పెట్టేవాడు ఇంతవరకు పుట్టలేదు. గుడ్డను బల్ల మీద మూలగా పరిచేది. కత్తెరల నోళ్ళు తెరిచి ఉంచేది, మూసి ఉంటే ఆవిరి లోపలికి పోదు కనుక. గిన్నెను బోర్లించేది. వెల్లకిలా పెడితే ఆవిరి చల్లారి నీరై అందులో నిలిచిపోతుంది, మూట తడుస్తుంది, తడిసిన మూట ఇక పనికిరాదు. దగ్గరి మూల, పక్క మూలలు, చివరి మూల వరసగా మడిచి, ఆ చివరి కొసను లోపలికి దోపేది. ఆమెది ఎడమచేతి వాటం. గదిలో మిగతా అందరి కొసలూ కుడివైపు ఉంటే ఆమెవి ఎడమవైపు. పైన టేపు. టేపు మీద ఏటవాలు చారలు ఆవిరి తగలగానే నల్లబడతాయి. ఆ టేపు మీద ఎవరు కట్టిన మూటకు వాళ్ళు తమ గుర్తు పెట్టాలి. కొలబద్ద గుర్తు నిలువుగీత. వదినది సున్నా. ఈమధ్యే చేరిన ఒకావిడది చుక్క. ఆవిడకు మాటంటే చాలు కళ్ళమ్మట నీళ్ళు కారతాయి గనుక, చేరిన వారంలోనే కుళాయి అని పేరొచ్చింది.

తడిసిన మూటను పైవాళ్ళు విప్పరు, వచ్చింది వచ్చినట్టే కిందికి తోసేస్తారు. ట్రాలీలో తిరిగొచ్చినవాటిని వదిన అందుకుని కిటికీ పక్క అరలో పెడుతుంది. శనివారం పొద్దున్నే పెద్ద సిస్టర్ కిందికి దిగి, అందర్నీ చుట్టూ నిలబెట్టి, వాటిని విప్పి, తప్పెక్కడుందో చూపించి, గుర్తు చూసి మనిషిని పిలుస్తుంది. దానికి శనివారం పంచాయతీ అని పేరు. ఇన్నేళ్ళలో ఆ పంచాయతీలో నిలువుగీత ఒక్కసారి కూడా బయటపడలేదు.

ఈమధ్య బయటపడేవన్నీ సున్నాలే. "ఏమ్మా, ధ్యాస ఎక్కడ పెట్టావు?" అంటుంది పెద్ద సిస్టర్. "ఇంట్లో మర్చిపోయొచ్చానండీ, రేపు పట్టుకొస్తా," అంటుంది వదిన. అందరూ నవ్వుతారు. పెద్ద సిస్టర్ కూడా నవ్వు ఆపుకుంటుంది. కొలబద్ద నవ్వదు. తప్పు చేస్తే నవ్వుతారు, తప్పు చేయకపోతే గుర్తే పెట్టుకోరు, ఇదెక్కడి న్యాయం అని ఆమె కడుపు రగిలిపోయేది. ఏళ్ళ తరబడి ఒక్క మూటైనా వెనక్కి రాకుండా పనిచేసినదాన్ని చూసి ఎవరూ ఒక్క మంచిమాట అనలేదే.

ఆ బుధవారం సాయంత్రం భోజనాల దగ్గర కూతురు ఒక ప్రశ్న తెచ్చింది. కాలేజీలో తత్వశాస్త్రం చదువుతోంది.

"అమ్మా, నీతి అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పు."

"ఎవరూ చూడకపోయినా చేయాల్సిన పని చేయడం," అంది కొలబద్ద, పళ్ళెం సర్దుతూ.

"అది చేయాల్సిన పనే అని ఎవరు తేల్చాలి?"

"ఒకరు తేల్చేదేముంది? మా గదిలో గోడ మీద అన్నీ రాసే ఉన్నాయి."

"గోడ మీదే తప్పు రాస్తే?"

భర్త అందుకున్నాడు. "ఒక ముసలాయన కాళ్ళు నొప్పులు, ఇంటి ముందు ఆపు బాబూ అన్నాడు. స్టాపు లేదు. ఆపాను. నీతా, కాదా?"

"కాదు," అంది కొలబద్ద.

"ఆయన మాత్రం నిండు నూరేళ్ళు బతకమన్నాడే."

"వెనక కూర్చున్నవాళ్ళు ఏమన్నారో అడిగావా? వాళ్ళకి ఆలస్యం కాలేదా?"

"చూశావా నాన్నా, ఇదే తంటా," అంది కూతురు. "చేసిన పనిని బట్టా, దానివల్ల జరిగినదాన్ని బట్టా, మనసులో ఉన్నదాన్ని బట్టా? పెద్దపెద్దవాళ్ళే తేల్చుకోలేక వదిలేశారట. అందుకే మా మేడమ్ తెలిసినవాళ్ళలోంచి ఒక ఉదాహరణ తీసుకుని వాదించమన్నారు. నేను వదినత్తది తీసుకున్నా."

కొలబద్ద గరిటె కింద పెట్టింది. కూతురు కాలేజీ అయ్యాక ఆస్పత్రికి వచ్చి తల్లి పని ముగిసేదాకా కూర్చునే మాట నిజమే. కూర్చునేది ఎప్పుడూ వదిన బల్ల దగ్గరే.

"ఏం, ఉదాహరణకి ఇంట్లో అమ్మ పనికిరాలేదా?"

"నీ దగ్గర వాదించడానికి ఏముంటుందమ్మా? నువ్వెప్పుడూ రైటేగా."

పిల్ల మెచ్చుకోలుగానే అంది. కొలబద్దకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఎప్పుడూ రైటయిన మనిషి వాదనకు కూడా పనికిరాదన్నమాట.

"ఇంతకీ ఏమిటో మీ అత్త ఉదాహరణ?"

"'ఒకావిడ పొరపాటు చేసింది. అది నలుగురిలో తేలితే తట్టుకునే మనిషి కాదు. అందుకని నా మీద వేసుకున్నా. మంచి పని చేశానా, చెడ్డ పని చేశానా, చదువుకునేదానివి నువ్వే చెప్పు,' అని అడిగిందమ్మా. పేరు మాత్రం చెప్పలేదు. నాకు భలే నచ్చింది."

పేరు చెప్పాలా ఏమిటి? తట్టుకోలేని మనిషి ఆ గదిలో ఎవరో కొలబద్దకు తెలుసు. కుళాయి. సున్నాలు ఎందుకు పెరిగాయో కూడా ఒక్క దెబ్బలో తెలిసిపోయింది.

మర్నాడు అందరికంటే ముందు గదికి వెళ్ళి, కిటికీ పక్క అర దగ్గర నిలబడింది. పైనున్న మూట మీద సున్నా. టేపు అంచును గోటితో తడిమి చూసింది. ఆవిరిలో కాగిన టేపు గుడ్డకు కరుచుకుని ఉండాలి. ఇది మూలల దగ్గర లేచి ఉంది. ఒకచోట ఊడబెరికిన టేపును తెచ్చి ఇంకోచోట అంటిస్తే ఇలాగే లేస్తుంది. వదిన తన మూట మీది టేపు పీకి, అవతలివాళ్ళ మూట మీద అతికించింది. ఆ ఒక్కటి చాలనిపించింది. కింద ఇంకొకటి ఉంది కానీ, మెట్ల మీద ఎవరివో అడుగులు వినబడి చేయి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం దాకా తనతో తను వాదించుకుంది. తప్పు చేసినావిడకు తప్పు తెలియకపోతే మళ్ళీ అదే చేస్తుంది. ఒకనాడు తడి ఎవరి కంటా పడదు. ఆ గిన్నె ఎవరి కోసిన కడుపు పక్కనో పెడతారు. గుర్తు ఉన్నది మనుషుల్ని కాపాడటానికా, మనసుల్ని కాపాడటానికా? ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంతా నిజమే. కానీ పెద్ద సిస్టర్ గదికి మెట్లెక్కుతుంటే ఎప్పుడూ సలిపే మోకాళ్ళు ఆ పూట సలపలేదు. పెళ్ళికి పోతున్నట్టు ఎక్కింది. ఆ సంగతి తనకే తెలిసి, చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. ఆగి, తలుపు కొట్టింది.

పెద్ద సిస్టర్ అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిడంటే నీకు చెల్లెలి లెక్క అని నాకు తెలుసు. అయినా చెప్పావు. నీలాంటి మనిషి ఒక్కరుంటే చాలమ్మా ఈ ఆస్పత్రికి. నీ మాట బయటికి రానివ్వనులే."

ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట అదే. విన్నది. కిందికి దిగుతుంటే మాత్రం మోకాళ్ళు మళ్ళీ సలపడం మొదలైంది.

శుక్రవారమంతా వదిన మామూలుగానే ఉంది. బరువైన పళ్ళేన్ని కొలబద్ద ఎత్తబోతే, "ఉండండక్కా, మీ మోకాళ్ళకి పడదు," అని లాక్కుంది. ఎక్కడినుంచో ఎత్తు స్టూలు తెచ్చి బల్ల కింద పెట్టింది. కొలబద్ద దాని మీద కూర్చోలేదు. సాయంత్రం దాకా నిలబడే కట్టింది. వదిన మంచితనం చేస్తున్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. రేపు నీ సంగతి తేలుతుందిలే అని లోపల అనుకుంటూ, పైకి, "ఎందుకమ్మా నీకీ శ్రమ," అంటూ వచ్చింది.

శనివారం పెద్ద సిస్టర్ నవ్వకుండా దిగింది. అందరూ బల్ల చుట్టూ చేరారు. మూటలు రెండూ బల్ల మీదికొచ్చాయి, రెండిటి మీదా సున్నాలే.

"ఈ టేపులు ఈ మూటలవి కావు," అంది పెద్ద సిస్టర్, లేచిన అంచును వేలితో చూపిస్తూ. "ఎవరు మార్చారు?"

"నేనేనండీ," అంది వదిన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎవరివి?"

వదిన బల్ల మీది గుడ్డ అంచు సర్దింది.

"ఇది వేళాకోళం కాదు. గుర్తు మార్చడమంటే దొంగ సంతకం లెక్క. ఎవరివో చెప్పు. చెప్పకపోతే సోమవారం నుంచి దుప్పట్లు ఉతికే చోటికి పో. ఈ గదిలో కాలు పెట్టక్కర్లేదు."

"పోతానండీ," అంది వదిన.

కుళాయి కళ్ళు అప్పటికే కారిపోతున్నాయి. "ఒకటి నాదండీ," అంది ముక్కు చీదుకుంటూ. "దాని మీద ముందు చుక్క పెట్టింది నేనే. మూట తడిగా ఉందని వదిన చూపించింది, గిన్నె ఎలా పెట్టాలో దగ్గరుండి మళ్ళీ నేర్పింది. టేపు మార్చిందని నాకు తెలుసండీ. నోరు మూసుకున్నాను. వదినని పంపకండి."

కొలబద్ద తలెత్తి ఆవిడ వైపు చూసింది. తట్టుకోలేని మనిషి అనుకున్నది తట్టుకుని నిలబడే ఉంది. ఏడుస్తోంది, కానీ నిలబడే ఉంది.

పెద్ద సిస్టర్ ఆవిడ మూట విప్పింది. గిన్నె వెల్లకిలా ఉంది. "సరే. ఇంకోటి ఎవరిది?"

"అది నాదేనండీ," అంది వదిన.

"నీదైతే టేపు ఎందుకు లేస్తుంది?"

"సరిగ్గా అంటలేదేమోనండి."

పెద్ద సిస్టర్ విసుగ్గా రెండో మూటను దగ్గరికి లాక్కుంది. అప్పుడు చూసింది కొలబద్ద. చివరి కొస లోపలికి దోపి ఉంది. ఎడమవైపు.

ముందు నమ్మలేదు. తల తిప్పి మళ్ళీ చూసింది. ఆ గదిలో అలా దోపే చేయి ఒక్కటే. సోమవారం నాటి మూట అయి ఉండాలి. ఆ రోజు భర్త బస్సు ఎవరికో తగిలిందని ఫోను వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదని తెలిసేలోగా ఆమె ఎన్ని మూటలు కట్టిందో, ఎలా కట్టిందో ఆమెకే గుర్తు లేదు. తట్టుకునే మనిషి కాదు అని వదిన తన కూతురితో అన్నది ఎవరి గురించో అప్పుడు తెలిసింది. కూతురు ఆ కథ చెబుతూ భలే నచ్చిందన్నది ఎవరి ముందో కూడా.

పెద్ద సిస్టర్ చేయి ఇంకా టేపు మీదే ఉంది. ఆమె మడతలు కట్టే మనిషి కాదు, కుడీ ఎడమా ఆమెకు కనబడవు. మూట విప్పితే మడత పోతుంది. మడత పోతే నిలువుగీత ఎప్పటిలాగే నిలబడుతుంది. వదిన కళ్ళెత్తి కొలబద్దను చూసింది. వద్దన్నట్టు చిన్నగా తలూపింది.

ఆ తలూపడంతో వచ్చింది అసలు మంట. ఆ క్షణంలో ఆమెకు గోడ మీది రాతలూ గుర్తు రాలేదు, కోసిన కడుపులూ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒక్కటే. ఈ మనిషి తన కూతుర్ని తీసుకుంది, అందరి నోళ్ళలో మాటను తీసుకుంది, ఇప్పుడు తన తప్పును కూడా తీసుకుని ఇంకాస్త మంచిదైపోతోంది. దుప్పట్లు ఉతుకుతూ కూడా తనకంటే ఎత్తులో కూర్చుంటుంది. ఆ ఎత్తు చూస్తూ రిటైరయ్యేదాకా ఈ గదిలో నిలువుగీతలు గీసుకుంటూ నిలబడాలి. అది మాత్రం తన వల్ల కాదు.

"అది నాది," అంది కొలబద్ద.

పెద్ద సిస్టర్ అర్థం కానట్టు చూసింది. "నువ్వేమంటున్నావు?"

"మడత చూడండి. ఎడమవైపు దోపేది నేనొక్కదాన్నే. ఆవిడది కాదు, నాది." అరువిచ్చిన సామాను తిరిగి అడుగుతున్నట్టు ఉంది గొంతు. తనే చేయి చాచి, కొస లాగి, మూట విప్పింది. గిన్నె వెల్లకిలా ఉంది. అడుగున ఇంకా కాస్త నీరు నిలిచి ఉంది.

పెద్ద సిస్టర్ ఒకసారి వదినను చూసింది, ఒకసారి కొలబద్దను చూసింది, చివరికి నుదురు రుద్దుకుంది.

"తప్పు చేసినవాళ్ళనీ, దాచినవాళ్ళనీ పంపించేస్తే ఈ గదికి తాళం వేసుకోవాలి నేను. ఉండండి అందరూ. ఇక నుంచి మాత్రం ఒకరి మూట ఇంకొకరు విప్పి చూడందే ఆవిరిలోకి పోకూడదు. రెండు గుర్తులుండాలి. టేపు ముట్టుకున్నారో, ఈసారి మాటలుండవు."

పైకి వెళ్తూ కొలబద్ద దగ్గర ఆగింది. "చెప్పడానికి వచ్చినప్పుడే నీ మూట కూడా ఉందని తెలుసా నీకు?" అని మెల్లగా అడిగింది. కొలబద్ద జవాబు వెతుక్కునేలోగా, "తెలిసే వచ్చి ఉంటావు. చాలా పెద్ద మనసు," అని తనే తేల్చేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తొట్టి దగ్గర ఇద్దరే మిగిలారు. కొలబద్ద బ్రష్షుతో కత్తెర కీలు తోముతోంది. వదిన పక్కన కడుగుతోంది.

"పైకెళ్ళి చెప్పింది నేనే," అంది కొలబద్ద, తలెత్తకుండా.

"తెలుసక్కా. టేపు అంచు పట్టుకోగలిగే కళ్ళు ఇక్కడ ఇంకెవరికున్నాయి?"

"మంచికని చెప్పాననుకోకు. నిన్ను చూస్తే నాకు కుళ్ళు. ఇందాక నాదని ఒప్పుకున్నదీ అందుకే. నీకు ఇంకో మంచిపేరు దక్కడం చూడలేక."

వదిన నీళ్ళ కుళాయి కట్టేసింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆ ముఖం వయసు మీరిన ముఖంలా ఉంది.

"నేను మీ మూట ఎందుకు మార్చానో చెప్పనా?" అంది. "ట్రాలీలో నిలువుగీత చూశానక్కా. తడిసి ఉంది. నాకెంత సంతోషమేసిందో. ఇన్నాళ్ళకి దొరికింది, శనివారం చూడాలి ఈవిడ ముఖం, అనుకున్నా. పెద్ద సిస్టర్ ఎవరికైనా పని నేర్పాలంటే మీ మూటే చూపిస్తుంది. నావి చూసి నవ్వుతారు, మీవి చూసి నేర్చుకుంటారు. అది నాకు ఎన్నేళ్ళుగా మంటో. ఆ సంతోషం చూసుకుని నాకే భయమేసింది. ఇంత చెడ్డదాన్నా అనిపించింది. అందుకే గబగబా టేపు మార్చేశా. మీ మీద ప్రేమతో కాదు."

కొలబద్ద కత్తెరను తొట్టిలోకి వదిలింది. తనను చూసి ఇంకొకరు కుళ్ళుకుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పాలంటే, అది వినడానికి చాలా బాగుంది.

"మరి మా అమ్మాయితో అంత గొప్పగా చెప్పావు?"

"గొప్పకి చెప్పలేదక్కా. నిజంగా తెలియకే అడిగాను. చేసింది మంచో చెడో. తను నవ్వి వదిలేసింది."

మరుసటి వారం సాయంత్రం గేటు దగ్గర కూతురు ముఖం ముడుచుకుని నిలబడి ఉంది. మార్కులు సరిగ్గా రాలేదట.

"ఉదాహరణ చాలా బాగుందట, నీతి అంటే ఏమిటో మాత్రం ఎక్కడా చెప్పలేదట. నువ్వు చెప్పిన వాక్యమైనా రాయాల్సిందమ్మా."

"రాయకపోవడమే మంచిదైంది," అంది కొలబద్ద. "ఎవరూ చూడకపోయినా అన్నాను కదా. అది తప్పు. లోపలినుంచి మనం చూస్తూనే ఉంటాం. అక్కడ కనబడేదేమో ఏమంత బాగుండదు."

"అయితే మరి ఏం రాయాలి?"

"నాకు తెలియదే. మీ అత్తకీ తెలియదు. మీ మేడమ్‌కి తెలిస్తే కనుక్కుని చెప్పు, గోడ మీద రాయించుకుంటాం."

మర్నాడు పొద్దున్న కొత్త పద్ధతి ప్రకారం కొలబద్ద కట్టిన మూటను వదిన తనిఖీ చేయాలి. వదిన కొస లాగింది, మూలలు ఒక్కొక్కటీ విప్పింది, కత్తెరల నోళ్ళు చూసింది, గిన్నెను వేలితో తట్టింది. చూడాల్సినదానికంటే ఎక్కువసేపే చూసింది. గిన్నె బోర్లానే ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వదిన ముఖం రవంత చిన్నబోయింది. కొలబద్ద అది చూసింది, చూసినట్టు వదినకు తెలిసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

మళ్ళీ కట్టి, ఎడమకు దోపి, టేపు వేసి, నిలువుగీత పక్కన సున్నా పెట్టారు. అవతలి బల్ల దగ్గరనుంచి కుళాయి తన మూటను రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"గిన్నె సరిగ్గా పెట్టానేమో కాస్త చూస్తారా, పెద్దొదినా?"

కొలబద్ద మూట అందుకుంది. పక్కన టేపు చింపుతున్న వదిన చేయి ఒక్క క్షణం ఆగింది. కొలబద్ద ఆ చేయినే చూస్తూ, స్టూలు ముందుకు లాక్కుని కూర్చుని, తీరిగ్గా మూట విప్పడం మొదలుపెట్టింది.